కొసరుగా వచ్చిన లింకులు

పలాస బజారులో కొట్టు వెనకే ఇల్లు. అక్కడ పుట్టినవాళ్ళకి నడక కన్నా ముందు బేరం వస్తుంది. కూర కొంటే కొత్తిమీర, గుడ్డ కొంటే జానెడు గుడ్డ, చేపలు కొంటే ఇంకో చిన్న చేప. ఏది కొన్నా కొసరు పుచ్చుకోకుండా నేను ఏ దుకాణం మెట్టూ దిగింది లేదు. ఇంజెక్షన్ చేయించుకున్న రోజు కూడా నర్సు దగ్గర ఇంకో దూది ముక్క అడిగి తెచ్చుకున్నానని మా బావ ఊరంతా చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఈ గుణం నన్ను బతికించింది. ఈ గుణంతోనే మా అక్క నోటి దగ్గర ముద్ద లాగేశాను. రాస్తే కోపం తగ్గుతుందని కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాసేసరికి ఇంకా పెరిగింది.

మా అక్కని మందస దగ్గర పల్లెకిచ్చారు. పెళ్ళయిన దగ్గర నుంచీ రోజూ బస్సెక్కి వచ్చి పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కోసింది. ఏళ్ళ తరబడి జీడి రసం తగిలి వేళ్ళ కొసలు నల్లబడిపోయాయి. గీతలు అరిగిపోయి, రేషన్ మిషను మీద వేలు పెడితే అది ఆవిడని గుర్తుపట్టదు. బావకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, ఎప్పటి నుంచని అడుగుతారు. వారానికి రెండు రోజులు డయాలసిస్‌కి ఆయన పలాస రావాలి, తోడు ఒక మనిషి ఉండాలి. వారానికి రెండు రోజులు మానేసే మనిషి కూర్చునే పీటని ఫ్యాక్టరీలో ఖాళీగా ఉంచరు, మర్నాడే ఇంకొకరు కూర్చుంటారు.

అందుకని అక్క పెరట్లో పాక వేసింది. పిక్కలు ఉడకబెట్టే డ్రమ్ము ఒకటి, కోసే చేతి మిషన్లు రెండు తెచ్చింది. పక్కింటి ఆడవాళ్ళిద్దరిని కలుపుకుని సొంతంగా పప్పు తీయడం మొదలుపెట్టింది. పని తన చేతిలో ఉంటే ఆ రెండు రోజులూ మొగుడి మంచం పక్కన కూర్చోవచ్చు. ఆవిడకి కావలసింది అంతే, అంతకు మించి ఏ పెద్ద ఆశా లేదు.

పప్పు తీయడం అక్కకి వచ్చు. అమ్మడం నాకు వచ్చు అనుకున్నాను. బజారులో నాకో జిరాక్సు, నెట్ సెంటరు ఉంది. దళారుల చేతికి ఇవ్వకుండా నేరుగా తినేవాళ్ళకే అమ్ముదామని ఒక సైటు నేనే కట్టాను. అక్క చేతుల ఫోటో పెట్టాను, పాక ఫోటో పెట్టాను. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, ఎక్కడో పూణే నుంచి కూడా ఆర్డర్లు రావడం మొదలైంది. సెర్చ్‌లో పలాస జీడిపప్పు అని కొడితే మొదటి పేజీ అడుగున కనిపించేవాళ్ళం. నెమ్మదిగా, ముసలమ్మ మెట్లెక్కినట్టు, పైకి వస్తున్నాం. దీపావళికి ఇంకా రెండు నెలలుంది, పప్పుకి గిరాకీ అప్పుడే. ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఒకాయన ఫోన్ చేశాడు. నగరం గొంతు, ప్రతి ముక్కకీ ఒక మేడమ్. మీ సైటు బాగుంది మేడమ్ కానీ మీకు లింకులు లేవు మేడమ్ అన్నాడు. వేరే సైట్లు మీ సైటుకి దారి చూపిస్తే సెర్చింజను మిమ్మల్ని పైకి ఎత్తుతుందని చెప్పాడు. ఇందులో అబద్ధం లేదు, అదే నా ప్రాణం తీసింది. పూర్తి అబద్ధమైతే పట్టేసేదాన్ని. ఐదు వందల లింకులు, ఇంత ధర అన్నాడు. నేను సగానికి కోశాను. సరే మేడమ్ అన్నాడు.

అక్కడే నేను ఫోన్ పెట్టేయవలసింది. మా బజారులో సగానికి అడిగిన వెంటనే సరేనన్నవాడి సరుకు చేతిలోంచి కింద పెట్టి నడిచిపోతాం. చీర అయితే ఎక్కడో చిరిగి ఉంటుంది, బియ్యమైతే అడుగున పురుగు ఉంటుంది. ఇది మా ఇంట్లో ఆరేళ్ళ పిల్లకి కూడా తెలుసు. నేను మాత్రం ఇంకా కిందకి లాగలేకపోయానే అని బాధపడి, పోనీ కొసరైనా వెయ్యి బాబూ అన్నాను.

"కొసరంటే ఏంటి మేడమ్?"

వివరించి చెప్పాను. ఎంత ఓపికగా చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అతను ఇంకో రెండు వందలు ఊరికే వేస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి అక్కకి చేసి, నీ చెల్లెలు ఎలాంటిదనుకున్నావు అని విర్రవీగాను. అక్క పొయ్యి దగ్గర ఉంది. లింకులంటే ఏటో నాకు తెలీదు గాని ఊరికే వచ్చిన పిక్కల్లో పుచ్చులే ఎక్కువ ఉంటాయే అంది. నేను నవ్వాను.

రెండు వారాలు పైకి ఎక్కాం. మూడో వారం మొదటి పేజీలో లేము. రెండో పేజీలో లేము. పదో పేజీ దాకా వెతికి వేలు నొప్పి పుట్టింది. సైటు నడిపేవాళ్ళకి మాత్రమే కనిపించే ఉత్తరాల పెట్టెలో సెర్చింజను పంపిన హెచ్చరిక ఉంది. మీ సైటుకి వస్తున్న లింకులు సహజంగా లేవు, అందుకే కిందకి దించాం అని. మనిషి సంతకం లేదు, తిరిగి తిట్టడానికి నంబరు లేదు.

అప్పుడు కూర్చుని ఆ ఏడు వందల్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. కొనక ముందు చెయ్యాల్సిన పని. మునక్కాయ కొంటే విరిచి చూసేదాన్ని, ఏడు వందలు కొని ఒక్కటీ విరవలేదు. కొన్నవి దిక్కుమాలిన బ్లాగులు, మనిషి తిరగని పేజీలు. కొసరుగా వచ్చినవి ఇంకా ఘోరం. పేకాట సైట్లు, కండలు పెంచే మాత్రల సైట్లు, చదవలేని భాషలో ఏవో అరకొర బట్టల బొమ్మల పేజీలు. అప్పులిస్తామనే ఒక దొంగ పేజీ కింద మా అక్క చేతుల ఫోటో. అన్నిట్లోనూ లింకు మీద ఒకే మాట: పలాస బెస్ట్ జీడిపప్పు తక్కువ ధర. ఏడు వందల మంది ఒకే మాటని ఒకే గొంతుతో అంటే మా బజారులో కుక్క కూడా నమ్మదు. అది వాళ్ళతో అనిపించిందీ నేనే. ఏ మాట రాయమంటారు మేడమ్ అని అతను అడిగితే, తక్కువ ధర అన్న ముక్క మర్చిపోకు అని రెండుసార్లు చెప్పాను.

అతనికి ఫోన్ చేశాను. మీరే కదా మేడమ్ ఎక్కువ కావాలన్నారు అన్నాడు. తీసెయ్యమన్నాను. తీయడానికి వేరే ఛార్జీ అన్నాడు. వెయ్యడానికి నేను సగానికి కోస్తే, తీయడానికి రెండింతలు చెప్పాడు. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మా వీధిలో చేపలమ్మే ఆవిడ గంప దింపి నిలబడి విందని మాత్రం చెబుతాను. అతను ఫోన్ పెట్టేశాడు, ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

దీపావళి వచ్చింది, పోయింది. పాకలో పప్పు డబ్బాలు అలాగే ఉన్నాయి. మెత్తబడక ముందే దళారి వచ్చి, తనకి నచ్చిన ధరకి ఎత్తుకుపోయాడు. పక్కింటి ఆడవాళ్ళిద్దరూ వేరే పనికి వెళ్ళారు. అక్క మళ్ళీ ఫ్యాక్టరీ బస్సెక్కింది.

నేను ఊరికి వెళ్ళి చెప్పుకున్నాను. నన్ను తిడుతుందని వెళ్ళాను, తిట్టించుకుంటే కొంచెం తేలికవుతుందన్న స్వార్థం కూడా ఉంది. ఆవిడ చేతులకి నూనె రాసుకుంటూ విని, "నువ్వు మంచికే సేసినావు. నానేటంటాను" అంది. తర్వాత, "ఆయన్ని మాత్రం వారానికి రెండు దినాలు నువ్వు తీసుకెల్లాల" అంది. ఆ రెండో మాట మొదటి దానికి వడ్డీ కాదు, ఆవిడకి అలాంటి లెక్కలు రావు. నాకు మాత్రం కొరడాలా తగిలింది.

అలా బావ నా వంతుకొచ్చాడు. బస్సు దిగిన మనిషిని స్టేషన్ రోడ్డు దగ్గర అందుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళడం, గొట్టాలు పెట్టాక నాలుగు గంటలు పక్కన స్టూలు మీద కూర్చోవడం. నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ పాడు సైట్లకి ఉత్తరాలు రాసేదాన్ని. దయచేసి మా లింకు తీసెయ్యండి. దయచేసి. దయచేసి. పేకాట సైటు వాడిని బతిమాలుకోవడం అంటే ఏమిటో తెలిసింది. నూటికి తొంభై మంది జవాబివ్వలేదు. మిగిలినవాళ్ళు డబ్బడిగారు. చివరికి, ఈ లింకులతో మాకు సంబంధం లేదు, లెక్కలోకి తీసుకోవద్దు అని సెర్చింజనుకి జాబితా పంపే ఏర్పాటు ఒకటుందని తెలిసి, ఒక్కో పేరూ ఎక్కిస్తూ కూర్చున్నాను. ప్రతి పేరు దగ్గరా పళ్ళు కొరికేదాన్ని.

"ఏటి మరదలా, ఎవుల్ని నములుతున్నావు?" అన్నాడు బావ.

లింకంటే ఏమిటో చెప్పాను. ఒక సైటు చదువుతున్న మనిషిని ఇంకో సైటుకి పంపే దారి. ఎవరు పంపిస్తున్నారో చూసి సెర్చింజను మన పరువుకి విలువ కడుతుంది. బావ కళ్ళు మూసుకుని విన్నాడు.

"అంటే ఆ కొట్టుకెల్లు అని ఎవులో ఒకులు సెప్పాల. మరి నీ కొట్టుకి ఎవుల్ని సెప్పించినావు?"

"పేకాట వాళ్ళని."

ఆయన నవ్వితే మిషను కూత పెట్టింది. నర్సు వచ్చి ఇద్దర్నీ కోప్పడింది. నవ్వడం ఆపలేక, నీ సైటు కన్నా నా రగతం నయమే, వారానికి రెండు మాట్లైనా శుద్ధవుతోంది అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముక్క నిజమని ఒళ్ళు మండిపోయింది.

ఇంకో రోజు ఆయనే, నా ఫోన్ తీసుకుని సైటు చూస్తూ ఒక ప్రశ్న వేశాడు. పొట్టు ఎలా తీస్తారో రాసిన పేజీ అది. అందరూ ఎక్కువ చదివేది దాన్నే. "సదివేసినాను. బాగుంది. ఇప్పుడు కొనాలంటే ఎటెల్లాల?" అన్నాడు. ఎటూ లేదు. ఆ పేజీ నుంచి కొనే పేజీకి నేను దారే పెట్టలేదు. కొట్టు మధ్యలో గోడ కట్టి, అవతల గదిలో సరుకు పెట్టుకుని, గిరాకీ లేదని ఏడ్చాను. బయటివాళ్ళ లింకులు ఏడు వందలు కొన్నాను, నా ఇంట్లో నా గదులకి గుమ్మాలు లేవు. ఆ గొట్టాల మనిషి పక్కనే కూర్చుని ఆ రోజే అన్ని పేజీలకీ మధ్య దారులు వేశాను. ఏ వాక్యంలో చదువరికి సందేహం వస్తుందో ఆ వాక్యంలోనే లింకు పెట్టాను. బావ ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఇది ఎల్తంది, ఇది ఎల్లట్లేదు అని చెప్పాడు. ఎల్లనివి చాలానే ఉన్నాయి.

మంచి లింకు కావాలంటే నిజం మనిషి నిజంగా పంపాలి. ఇది నాకు తెలియని విద్య కాదు. మా నాన్న కొట్టుకి వచ్చినవాళ్ళు మా దగ్గర లేనిదేదైనా అడిగితే, ఫలానా కొట్టుకెళ్ళు, నేను పంపానని చెప్పు అనేవాడు. బజారంతా అలాగే. ఒకరినొకరు కోసుకు తినే వ్యాపారులు కూడా ఆ మాట మాత్రం జాగ్రత్తగా వాడేవారు, ఎందుకంటే అవతల సరుకు చెడ్డదైతే తిట్లు ఇవతలికే వస్తాయి. ఇది చూస్తూ పెరిగి, వెళ్ళి ఏడు వందల నోళ్ళు టోకున కొన్నాను.

మా బజారులో మసాలా దినుసులమ్మే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మా నాన్నకి జీవితాంతం పోటీదారు. ఆయన కోడలు చాలా ఏళ్ళ కిందటే ఆయన పేర వంటల సైటు పెట్టింది, ఆయన చెబుతాడు, ఆమె రాస్తుంది. జీడిపప్పు కూర అని వెతికితే ఆ పేజీ పైనే ఉంటుంది. పౌరుషం చంపుకుని వెళ్ళాను. బాబాయ్, నీ పేజీలో మా అక్క సైటు లింకు పెట్టు, నా సైటులో నీది పెడతాను, చెల్లుకు చెల్లు అన్నాను. ఆయన కళ్ళజోడు మీద నుంచి చూశాడు.

"నాదేటీ పెట్టక్కర్లేదు గాని, మీ అక్క పప్పు నేను తిన్లేదమ్మా. తినకుండా జనాన్ని ఎలగ పంపుతాను?"

మా నాన్న గొంతే అది. అందుకే ఎక్కువ మండింది. పప్పు తెచ్చాను. ఆయన పళ్ళెంలో పోసి, వేలితో పక్కకి నెట్టుతూ, మాడినవి ఉన్నాయమ్మా, ఇవి ఏరి తీసుకురా అన్నాడు. సంచి అక్కడే ఆయన బల్ల మీద గుమ్మరించాలనిపించింది. పండక్కి అమ్ముడుపోక, దళారి వదిలేసిన అడుగు పప్పు అది. దాన్ని తెచ్చింది నేను, ఎలాగూ రుచి చూడడానికే కదా అని. అక్కకి చెబితే కోపగించుకోలేదు. ఆదివారం సెలవు రోజు ఒక్కతే పొయ్యి వెలిగించి, కొత్తగా కొంచెం తీసి, గింజ గింజా ఏరి, పాత డబ్బాలో పోసి పంపింది. ఆయన పది గింజలు నమిలాడు. మిగతాది కోడలికిచ్చి లోపలికి పంపాడు.

మూడో రోజున ఆ పేజీలో మా లింకు కనిపించింది. కూర చేసే పద్ధతి మధ్యలో ఒక వాక్యం: ఈ కూరకి మా ఇంట్లో వాడేది మందస పక్క పల్లెలో ఒకావిడ చేత్తో ఏరి పంపే పప్పు. చేత్తో ఏరి పంపే పప్పు అన్న మాటల మీద లింకు. పలాస అన్న ముక్క లేదు, బెస్ట్ లేదు, ధర లేదు. నేను వెంటనే వెళ్ళి, బాబాయ్, జనం వెతికే మాట పెడితే కదా లాభం అని పోరు పెట్టాను. ఆయన నన్ను కొట్లోంచి పంపేశాడు. పంపేస్తూ, మీ నాన్న కూడా ఇలగే, ఒకసారి ఒప్పుకున్నాక కూడా వదిలేవోడు కాదు అన్నాడు.

ఆ వాక్యం చదివిన మనుషులు నొక్కారు. నొక్కినవాళ్ళు పొట్టు తీసే పేజీ చదివి, అక్కడి నుంచి కొనే పేజీకి వెళ్ళారు. అక్క ఆదివారాలు తీసిన పప్పే వాళ్ళకి పంపాను. టెక్కలిలో పెళ్ళిళ్ళకి వంటలు చేసే ఒకావిడ అలా వచ్చి కొని, తన సైటులో సరుకులు ఎక్కడి నుంచి తెస్తానో చెప్పే పేజీలో మమ్మల్ని చేర్చింది. నేను అడగలేదు. అడగకుండా వచ్చిన మొదటి లింకు అది. చూసి సంతోషించాలి కదా, ఏడు వందల లింకులకీ పెట్టిన ఆ రోజులన్నీ గుర్తొచ్చి కుర్చీ తన్నాను. కాలి బొటనవేలు వాచింది. నెలలు గడిచాక సెర్చ్‌లో మూడో పేజీకి తేలాం, తర్వాత రెండో పేజీకి. మొదటి పేజీ ఇంకా కాదు.

ఒక డయాలసిస్ రోజు పొద్దున్నే తాళాలు, నీళ్ళ సీసా పట్టుకుని నేను బయల్దేరుతుంటే అక్కా బావా ఇద్దరూ ఆటోలో నా కొట్టు ముందు ఆగారు. అక్క ఫ్యాక్టరీకి పోలేదు. పీట వదిలేసి వచ్చానంది.

నాకు కోపం నషాళానికి అంటింది. వారానికి వస్తున్నవి గుప్పెడు ఆర్డర్లు. రెండో పేజీలో ఉన్నాం, అక్కడి దాకా ఎవరు చూస్తారు, ఇంకో నాలుగు నెలలు ఆగితే ఏం పోయింది, ఏ ధైర్యంతో మానేశావు అని రోడ్డు మీదే అరిచాను. ఎన్ని ఆర్డర్లు వస్తే మానేద్దామనుకున్నావో ఒక మాట చెప్పు, చూద్దాం, దానికి తగ్గట్టు చేద్దాం అన్నాను. అక్క ఆటోలోంచి దిగలేదు.

"నాతోటి బేరవాడకే. ఆ వచ్చిన కాటికి నాకు సాలు. ఆయనకి గొట్టాలు పెట్టినప్పుడల్లా నువ్వు పక్కన కూకుని ఎవుల్నో తిడతన్నావట. ఆయన భయపడతన్నాడు."

బావ కిటికీ వైపు తిరిగి, నవ్వు దాచుకోవడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క నా చేతిలో నీళ్ళ సీసా తీసుకుంది. దాని బదులు ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. కవిటిలో కొబ్బరి పీచు తాళ్ళు అమ్మేవాళ్ళకి ఒక సైటుందట, వాళ్ళ మనిషి ఫ్యాక్టరీ దగ్గర కలిసి పప్పు రుచి చూపించమన్నాడట, నచ్చితే లింకు పెడతారట, ఈ రోజే పంపాలంది. ఏరిన పప్పేనా అని అడిగాను. ఆవిడ ఆటో అబ్బాయిని ఆసుపత్రికి పొమ్మంది.